వెనక సీట్లోంచి ఊఁ

బండి లోపల చప్పుడు తగ్గించే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను ఎప్పుడు కలిసినా ఒకటే అడుగుతారు. ఏ షీటు మంచిది, ఏ ఫోమ్ మంచిది అని. నేను తిరిగి అడుగుతాను: ఆ బండిలో కూర్చునేవాళ్లు ఏం చేస్తారు? నిద్రపోతారా, ఫోన్లు మాట్లాడుకుంటారా, పాటలు వింటారా? చాలామంది దగ్గర దానికి జవాబు ఉండదు. చాలాకాలం నా దగ్గరా లేదు. అది నాకు ఎలా దొరికిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పెద్ద విషయమేమీ కాదు. ఒక వ్యానుకు కష్టపడి అతికించిన సరుకు కొంత మళ్లీ మేమే ఊడదీశాం.

మా వర్క్‌షాపు సికింద్రాబాద్‌లో, రాణిగంజ్ వెనక సందుల్లో ఉండేది. సీటు కవర్లు, కింద మ్యాట్లు, పైకప్పు లైనింగు, తలుపు రబ్బర్లు, ఇలాంటివన్నీ వేసేవాళ్లం. ఏ బండికి ఏ సరుకు వాడాలో తేల్చడం, పని పూర్తయ్యాక నడిపి చూసి వదలడం నా ఉద్యోగం. అతికించే పనంతా ఒక మేస్త్రీ చేతుల మీద నడిచేది. బోయిన్‌పల్లిలో పుట్టి పెరిగిన మనిషి, నాకంటే చిన్నవాడు. నన్ను అన్నా అని పిలిచేవాడు. ఏ మాటా ఒక్కసారికి ఒప్పుకునేవాడు కాదు.

చప్పుడు కొలిచే మీటరు మా దగ్గర ఉండేది. నాకు దానితో పాటు ఇంకో పద్ధతి ఉండేది. మాది విజయనగరం వైపు. పెళ్లైన కొత్తలోనే ఇక్కడికి వచ్చేసి కాప్రాలో స్థిరపడ్డాం. నా భార్యది చిన్న గొంతు. బస్సులో, ఆటోలో ఆవిడ మాట్లాడితే పక్కవాళ్లు చెవి దగ్గరపెట్టి వినాల్సిందే. పని పూర్తయిన ప్రతి బండినీ సాయంత్రం కాప్రా చెరువు దాకా తీసుకెళ్లి, ఆవిడను ఆఖరి సీట్లో కూర్చోబెట్టుకునేవాణ్ని. నడుపుతూ, అప్పుడు చదువుతున్న పుస్తకంలో కథ మామూలు గొంతుతో చెప్పేవాణ్ని. ఆవిడ ఊఁ కొట్టేది. తల తిప్పకుండా ఆ ఊఁ నాకు వినబడితే బండి పాసైనట్టు.

మేస్త్రీ దీనికి వదినమ్మ మీటర్ అని పేరుపెట్టాడు. పొద్దున్నే షట్టర్ ఎత్తుతూ అడిగేవాడు.

"అన్నా, వదినమ్మ మీటర్ ఏమన్నది? పాసా?"

"అల్వాల్ ఫ్లైఓవర్ దగ్గర రెండుసార్లు ఊఁ వినబడలేదు. వెనక చక్రం మీద ఇంకో పొర వెయ్యాలి."

"చక్రం మీద ఎందుకన్నా పడుతవ్. నీ కథ అక్కడ బాగలేదేమో, ఆమె ఊఁ అనలే."

ఆ మాట ఇంట్లో చెబితే నా భార్య, "అతనికి ఎలా తెలిసిపోయిందండీ," అంది.

ఆవిడ పోయి ఏడాది దాటింది. అందుకే ఆ వ్యాను గురించి రాయాలనిపించింది. ఆవిడ గురించి వేరే రాయడం నాకు చేతకాదు.

బోనాలకు ఇంకా కొన్ని వారాలు ఉన్నాయనగా ఒక పాత డీజిల్ వ్యాను వచ్చింది. దిగినవాళ్లు ఒగ్గు కథ చెప్పేవాళ్లు. డోళ్లు, తాళాలతో దేవుళ్ల కథలు పాడుతూ ఊరూరూ తిరిగే బృందం. ఇల్లు అల్వాల్‌కు ఇవతలే. ప్రధాన కథకుడికి యాభై దాటి ఉంటాయి. పొడుగ్గా, మెడలో కండువాతో ఉన్నాడు. నోరు తెరిస్తే గొంతు ఇసక మీద కాలు ఈడ్చినట్టు వచ్చింది. అందుకని మాట్లాడే పని ఆయన కూతురు తీసుకుంది. బేగంపేటలో ఏదో ఆఫీసులో ఉద్యోగం చేసే అమ్మాయి.

"గొంతులో కాయల్లాంటివి లేసినయంట సార్. డాక్టర్ సాబ్ చెప్పిండు, ఇంక గట్టిగ అరిస్తే గొంతు మొత్తం పోతదని. స్టేజి మీద పాడుకో, బండిలో మాత్రం నోరు ముయ్యమన్నడు."

"మూస్తే సరిపోతుంది కదా అమ్మా," అన్నాను.

కథకుడు కూతుర్ని చెయ్యెత్తి ఆపాడు. తనే చెప్పాడు.

"సారూ, స్టేజి మీద పాడేది జనానికి. బండిల చెప్పేది నా బిడ్డకు. ఆమెకు ఆఫీసు, నాకు ఊర్లు తిరుగుడు. మేమిద్దరం కల్సి ఉండేది గీ బండిలనే. మా నాయిన నాకు నడుసుకుంట చెప్పిండు, నేను గిట్ల పోవుకుంట చెప్తున్న. కథ ఇంకా సగం సుత కాలే. నోరు మూస్తే సగం నాతోనే పోతది."

అంతలోనే ఆయనకు దగ్గు వచ్చింది. కూతురు నీళ్ల సీసా ఇచ్చి, మిగతాది తను చెప్పింది. ఒక్కో వరస చెప్పి ఆయన ఆగుతాడు. ఆమె ఊఁ అంటే పట్టుకున్నట్టు. అప్పుడు తర్వాతి వరస. బండి హోరులో ఆమె ఊఁ ఆయనకు వినబడదు. పట్టుకోలేదనుకుని అదే వరస మళ్లీ చెబుతాడు, ఇంకా గట్టిగా. ఇంటికి చేరేసరికి గొంతు పూర్తిగా పూడుకుపోతోంది.

ఊఁ అన్న మాట విని మేస్త్రీ నా వైపు చూసి నవ్వాడు. "అన్నా, గిది నీ కేసే," అన్నాడు.

మొదటి రోజు బండిని ఊరికే నడిపి విన్నాం. ఏ పని చేసినా ముందు చేయాల్సింది ఇదే. చప్పుడు ఎక్కడ పుడుతోందో తెలియకుండా షీటు కొనకండి. ఇంజిను మోత కాళ్ల కింద రేకులోంచి వస్తోంది. వెనక చక్రాల గుంతల్లోంచి రోడ్డు రాసుకునే చప్పుడు. తలుపు రబ్బరు ఎండిపోయి ఈలలాంటి గాలి. ఈ మూడూ కాక ఇంకొకటి, సన్నగా ఝుమ్మని, ఎక్కడినుంచి వస్తోందో తెలియని మోత. మేస్త్రీ సీట్ల కింద దూరాడు, పైకప్పుకు చెవి పెట్టాడు, తలుపులు ఒక్కొక్కటే పట్టి చూశాడు. దొరకలేదు. కథకుడు కాసేపు అతని తిప్పలు చూసి, లేచి వెనక్కి వెళ్లి, అక్కడ పేర్చిన డోలు మీద అరచెయ్యి పెట్టాడు. మోత ఆగిపోయింది. ఇంజినుతో పాటు వాళ్ల డోళ్లు కూడా తమంతట తాము మోగుతున్నాయి.

"ముందే చెప్పొచ్చు గదా," అన్నాడు మేస్త్రీ, మోకాళ్లు దులుపుకుంటూ.

"డాక్టర్ మాట్లాడద్దన్నడు," అన్నాడు కథకుడు.

అందరం నవ్వాం. ఆయనా గొంతు లేకుండానే నవ్వాడు.

ఆ అరచెయ్యే ఈ పనిలో సగం. బండి రేకు కూడా డోలు తోలు లాంటిదే, తడితే టంగుమంటుంది. దాని మీద బ్యుటైల్ షీటు, అంటే వెనక జిగురు, పైన అల్యూమినియం రేకు ఉన్న మెత్తని రబ్బరు లాంటిది, అతికిస్తే టప్‌మంటుంది. మోగడం ఆగుతుంది. మొత్తం కప్పాల్సిన పని లేదు, మధ్యలో వేసినా చాలు. చవకగా దొరికే తారు షీట్లు వాడకండి. మన ఎండలకు వాసన కొడతాయి, వేసవిలో కారతాయి. కింద ఇంజిను మోతకు మాత్రం బరువు కావాలి. పల్చటి ఫోమ్ పరిచి, దాని మీద దళసరి రబ్బరు మ్యాటు వెయ్యాలి. తలుపులకు కొత్త రబ్బరు. ఇంతవరకూ మేం చేసింది సరిగ్గానే చేశాం.

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. కానీ ఒక మనిషి గొంతు ఈ బండి మీద ఆధారపడి ఉందన్న ఆలోచన మా ఇద్దరికీ తలకెక్కింది. పైకప్పు నిండా మందపాటి ఫోమ్ వేశాం. పక్కలకు ఫెల్టు, అంటే కంబళిలాంటి దట్టమైన గుడ్డ. సీట్ల వెనక ఫెల్టు. మేస్త్రీ తన వంతుగా కిటికీలకు బరువైన తెరలు కుట్టించాడు. పని అయ్యాక తలుపు వేసుకుని లోపల కూర్చుంటే రాణిగంజ్ లారీలు కూడా వినబడలేదు. మా చేతి గడియారాలు వినబడ్డాయి.

"పరుపు షాపుల కూసున్నట్టున్నదన్నా," అన్నాడు మేస్త్రీ సంతోషంగా.

ఆ సాయంత్రం వదినమ్మ మీటర్ పెట్టాం. నేను కథ చెబుతున్నాను, ఆఖరి సీట్లోంచి ఊఁ నా చెవి పక్కనే అన్నట్టు వినబడుతోంది. ఒకటీ తప్పలేదు. మీటరు కూడా అదే చెప్పింది. బండి అప్పగించి, ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

వారం తిరగకుండా కూతురు ఒక్కతే బండితో వచ్చింది.

"బండి మస్తుగున్నది సార్. నిద్రపోయేటోళ్లకు స్వర్గం. మా డోలు కొట్టే చిన్నాయిన ఎక్కుడెక్కుడే పంటున్నడు. కానీ నాన్న ముందుకంటె గట్టిగ పాడుతున్నడు. వద్దు నాన్నా, నా ఊఁ వినబడుతుంది గదా అంటే, వినబడుతుంది బిడ్డా, అయినా గొంతు దానంతటదే లేస్తుంది అంటున్నడు. మొన్నటినుంచి స్టేజి మీద సుత గొంతు అందుతలేదు."

బోనాలు దగ్గరికి వచ్చేశాయి. ఆమె ఏడవలేదు కానీ బ్యాగు పట్టీని చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. ఆయన బండిలో చెప్పడం మానేసి, మిగతా కథ ఫోనులో రికార్డు చేస్తానంటున్నాడట. రికార్డు చేస్తే ఊఁ ఎవరంటారు, ఊఁ లేకపోతే ఆయనకు వరస ముందుకు రాదు. ఆ ప్రయత్నం అప్పటికే చేసి చూశారు. ఫోను ముందు కూర్చుని పది మాటలు చెప్పి లేచిపోయాడు.

నేనూ మేస్త్రీ మళ్లీ బండిలో కూర్చున్నాం. తలుపులు చూశాం, రబ్బర్లు చూశాం. మీటరు పెట్టాం. చప్పుడు లేదు. లేని చప్పుడుకు మందు ఏమిటో మా ఇద్దరికీ తెలియలేదు.

ఇంటికి వెళ్లి నా భార్యతో ఈ సంగతంతా చెప్పాను. ఆవిడ ఊఁ అంటూనే విని, "నన్ను ఓసారి ఆయన సీట్లో కూర్చోబెట్టండి," అంది.

అప్పుడు తట్టింది నాకు. ఇన్నేళ్లలో ఎన్ని బండ్లలో ఎన్ని కథలు చెప్పి ఉంటాను. ఆవిడ చెప్పలేదు ఒక్కసారి కూడా. మా పరీక్షలో ఆవిడ పని ఊఁ అనడం. వినేవాళ్లకు బండి ఎలా ఉందో మాకు తెలుసు. చెప్పేవాళ్లకు ఎలా ఉంటుందో ఎవర్నీ అడగలేదు. నేను చెప్పేవాణ్నే కానీ నేను డ్రైవర్ సీట్లో, ఎదురుగా పెద్ద అద్దం పెట్టుకుని కూర్చునేవాణ్ని.

మర్నాడు ఆవిడ వ్యాను మధ్య వరసలో కూర్చుంది. మేస్త్రీ నడిపాడు. నేను ఆఖరి సీట్లోకి వెళ్లాను.

"ఏం చెప్పమంటారు?" అంది.

"ఏదైనా. కథ."

మొదలుపెట్టింది. మేం ఈ ఊరు వచ్చిన కొత్తలో ఒకరోజు ఆవిడ మోండా మార్కెట్‌కి వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు కాప్రా బస్సనుకుని అల్వాల్ బస్సు ఎక్కేసిందట.

"ఊఁ," అన్నాను. నాకు ఈ సంగతి తెలియదు.

"బస్సు అటు తిరిగినప్పుడే తెలిసిపోయిందండీ. ఆపండి అన్నాను. కండక్టరుకి వినబడలేదు. మళ్లీ అన్నాను. ఆ ఇంజిను మోతలో నా మాట నా ముక్కు దాటలేదు. ఏటి చేస్తాను. సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయేను. ఆఖరి స్టాపులో దిగీసేను. అక్కడ ఒకావిడ మిరపకాయ బజ్జీలు వేస్తంది."

"ఊఁ."

"ఎలాగూ తప్పిపోయేను కదా అని ఓ ప్లేటు తినీసేను. చాలా బాగున్నాయి. ఇంకో ప్లేటు కూడా తిన్నాను. మీకు బస్సు దొరకలేదని చెప్పేను."

ముందు సీట్లో మేస్త్రీ స్టీరింగ్ మీద వాలి నవ్వుతున్నాడు. "వదినమ్మా, ఆ బజ్జీల బండి ఇంక సుత ఉన్నది. పోదమా?"

ఆవిడ నవ్వి, మళ్లీ చెప్పబోయి ఆగింది. గొంతు సవరించుకుంది. ఇంకాస్త పెద్దగా ఒక మాట అని మళ్లీ ఆగింది.

"ఏటండీ ఇది, నా మాట నాకు వినబడట్లేదు. దుప్పట్లో దూరి మాట్లాడుతున్నట్టుంది. మీరు ఊఁ అంటున్నారని తెలుస్తోంది. అయినా ఇంకా గట్టిగా అనాలనిపిస్తంది."

జీవితంలో ఎప్పుడూ గొంతు పెంచని మనిషి చేత ఆ బండి గొంతు పెంచించింది. ఇంక నాకు మీటరు అక్కర్లేకపోయింది.

మాట్లాడే మనిషికి తన మాట ఎక్కడో ఓచోట తగిలి తిరిగి రావాలి. గోడకో, అద్దానికో, చెక్కకో తగిలి. ఆ తిరిగొచ్చిన దాన్ని బట్టే ఎంత గొంతు పెట్టాలో మనిషి తేల్చుకుంటాడు. కథకుడి నెత్తి మీద మేం వేసిన ఫోమ్, చుట్టూ ఫెల్టు, మేస్త్రీ తెరలు, అన్నీ కలిసి ఆయన గొంతును అక్కడికక్కడే మింగేస్తున్నాయి. రేకు మోగకుండా ఆపడం ఒక పని, లోపలి మాటను పీల్చెయ్యడం వేరే పని. ఈ రెండింటికీ మేం ఒకే పేరు పెట్టుకుని బతుకుతున్నాం.

"పైకప్పు ఫోమ్ తీసెయ్యాలి," అన్నాను మేస్త్రీతో.

"మల్ల పీకుడా? అన్నా, ఆ జిగురు ఎట్లాంటిదో ఎరుకేనా నీకు? అది పెండ్లి లెక్క, ఒకసారి అతుకుతే అతికినట్టే."

"బ్యుటైల్ ఉండనీ. ఫోమ్ ఒక్కటే. దాని బదులు పల్చటి ప్లైవుడ్ వేద్దాం, పాలిష్‌తో. తెరలు కూడా తీసెయ్."

"తెరలు సుతనా," అన్నాడు. ఆ మాటకు మాత్రం నిజంగా బాధపడ్డాడు. గులాబీ రంగు తెరలు, స్వయంగా ఎంచినవి. తర్వాత అవి వాళ్లింట్లో హాల్లో చూశాను.

గీకి గీకి ఫోమ్, పక్కల ఫెల్టు తీశాం. ప్లైవుడ్ బిగించాం. వెనక చక్రాల మీద, డోళ్లు పెట్టే చోట మాత్రం ఫెల్టు ఉంచాం. మీటరు పెడితే ముందుకంటే కాస్త ఎక్కువే చూపించింది. ఉద్యోగంలో మొదటిసారి, అంకె పెరిగినందుకు ఇద్దరం టీ తాగాం.

ఆ ఆదివారం వాళ్లకు శామీర్‌పేట అవతల ఒక ఊళ్లో కథ ఉంది. మమ్మల్నీ రమ్మన్నారు. కథకుడు మధ్య వరసలో, పక్కన కూతురు. డోలు కొట్టే మనిషి అలవాటుగా నిద్రకు సిద్ధమయ్యాడు. మేస్త్రీ డ్రైవర్ పక్కన. నేనూ నా భార్యా ఆఖరి సీట్లో. అల్వాల్ దాటేదాకా కథకుడు నోరు తెరవలేదు. మేస్త్రీ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

అప్పుడాయన ఒక వరస అందుకున్నాడు. పాట కాదు, మాట కాదు, రెంటికీ మధ్య. అన్నాక ఆగి, పైకి, ప్లైవుడ్ వైపు చూశాడు. అదే వరస మళ్లీ అన్నాడు, ఈసారి ఇంకా తగ్గించి. కూతురు ఊఁ అంది. తర్వాతి వరస ఇంకా తగ్గింది. ఊఁ. పక్క మనిషికి కబురు చెబుతున్నట్టు అయిపోయింది ఆయన గొంతు. ఆ ఇసక గరుకు అలాగే ఉంది, కానీ బలవంతంగా తోస్తున్నట్టు లేదు. వరస వెంట వరస నడుస్తోంది. మధ్యలో ఒక చోట, కథలో తల్లి కొడుకును గుర్తుపట్టే ఘట్టంలో, కూతురు లీనమై ఊఁ అనడం మరిచిపోయింది. ఆయన ఆగి చూస్తున్నాడు.

"ఊఁ," అంది నా భార్య, నా పక్కనుంచి. అలవాటు కొద్దీ.

ఆయన తల తిప్పాడు. "ఎవరన్నరు?"

ఆవిడ నా చాటుకు జరిగింది. మేస్త్రీ ముందునుంచి చెప్పాడు, "మా వదినమ్మ. మీటర్."

"అంత దూరంకెల్లి వినబడ్డది," అన్నాడు కథకుడు ఆశ్చర్యంగా. కూతుర్ని చూసి, "నేర్చుకో బిడ్డా. ఊఁ అంటె గట్ల ఉండాలె," అన్నాడు. ఆమె, "అయితే ఆమెకే చెప్పు కథ, నేను పంట," అంది. నిద్రలోంచి లేచిన డోలు మనిషి ఏమైందని అడిగితే ఎవరూ చెప్పలేదు, నవ్వుతూనే ఉన్నారు. ఊరు వచ్చేదాకా కూతురు ఊఁ, నా భార్య ఊఁ, కాసేపటికి మేస్త్రీ ఊఁ కూడా. ఆ రాత్రి వేదిక మీద ఆయన గొంతు ఎక్కడా విరగలేదు.

బోనాలకు పాడాడు. డాక్టరు తర్వాత చూసి కాయలు తగ్గుముఖం పట్టాయన్నాడు. ఆ పైన రెండేళ్లకు కథంతా కూతురికి ముట్టింది. ఆ రెండేళ్లూ ఆదివారాల్లో మాకు కబురు వచ్చేది, అమ్మను తీసుకురండి అని. నన్ను కూడా రానిచ్చేవాళ్లు. ఒకసారి తిరుగుదారిలో అల్వాల్ ఆఖరి స్టాపు దగ్గర బండి ఆపించి, ఆవిడ అందరికీ బజ్జీలు తినిపించింది. అవి ఆ పాత బజ్జీల్లా లేవంది.

కాబట్టి ఏ షీటు మంచిదని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే. బండిని మధ్య సీట్లో కూర్చుని ఒకసారి వినండి. తర్వాత అక్కడినుంచే ఏదైనా చెప్పి చూడండి. మాట మీకు తిరిగొస్తుంటే చాలు, చెయ్యి ఆపండి. ఇంట్లో కూడా, ఎప్పుడూ మీరే చెప్పకుండా, ఒకసారి వెనక సీట్లోంచి ఊఁ కొట్టేవాళ్లను చెప్పనివ్వండి. నాకు అల్వాల్ బజ్జీల సంగతి అలాగే తెలిసింది.

ఈ ఏడాది బోనాలకు ముందు కూతురు ఫోన్ చేసింది. ఇప్పుడు కథ నడిపేది ఆమే. తండ్రి పక్కన కూర్చుని మొదటి పాట మాత్రం పాడతాడు. "సార్, ఆదివారం బండి పోతది. అమ్మ సీటు ఖాళీగ ఉన్నది," అంది. చూద్దాంలే అమ్మా అన్నాను. ఆదివారం మేస్త్రీ మోటారుసైకిలు మీద వచ్చి ఎక్కించుకుపోయాడు.

ఆఖరి సీట్లో కూర్చున్నాను. ప్లైవుడ్ పాలిష్ కొంచెం తగ్గింది. మ్యాటు మార్చాలి. అల్వాల్ దాటాక కూతురు మధ్య సీట్లో కథ మొదలుపెట్టింది, తనకు తానే మళ్లీ వల్లెవేసుకుంటున్నట్టు, చిన్నగా. తండ్రి ఊఁ అంటూ అంటూ కునుకు తీశాడు. తల్లి కొడుకును గుర్తుపట్టే చోట ఆమె ఆగింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆమె ఆగే ఉంది.

"ఊఁ," అన్నాను.

ఆమె వెనక్కి తిరగలేదు. తర్వాతి వరస అందుకుంది.